అటక మీద పాత తూటాలు దొరికాయా? ముట్టుకునే ముందు ఇది చదవండి

బెంగళూరులో తుపాకీ లైసెన్సు ఉండి, ఆదివారం పూట షూటింగ్ రేంజ్‌కి వెళ్లే తెలుగువాళ్లం కొద్దిమందిమే. అందుకే ఎవరింట్లో పాత తూటా బయటపడినా ఆ ఫోటో చేతులు మారి మారి నా ఫోన్‌కి చేరుతుంది. వెంటనే మూడు ప్రశ్నలు. ఇవి ఇంకా పేలతాయా? ఎండలో పెడితే పనికొస్తాయా? యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు ఇంట్లోనే కూర్చుని తూటాలు నింపుకుంటున్నారు కదా, మనం నింపుకుంటే తప్పేంటి?

ముందు జవాబులు చెప్పేస్తాను. పేలతాయి. ఎండలో పెట్టకండి. నింపుకోవడం మన దేశంలో లైసెన్సు లేకుండా చేస్తే పెద్ద నేరం, పైగా వేళ్లూ కళ్లూ పోయే పని. ఆ సంగతి చివర్లో వివరంగా రాశాను. అంతకంటే ముందు, తూటాలు దొరికినవాళ్లు ఈ రోజు చేయాల్సిన పనులు చూద్దాం.

ఇది ఎక్కువగా అవసరపడేది మదనపల్లె, హిందూపురం, చిత్తూరు వైపు పాత ఇల్లు అమ్మేసి సామానంతా బెంగళూరుకో చెన్నైకో తెచ్చుకున్నవాళ్లకి. తాతగారికి పంట కాపలాకి ఒంటి గొట్టం తుపాకీ ఉండేది. ఆయన పోయాక తుపాకీ స్టేషన్లో అప్పగించారు. తూటాలు మాత్రం ట్రంకు పెట్టెలో, పట్టు పంచెల కింద ఉండిపోయాయి. ఆ పెట్టె ఇప్పుడు మారతహళ్లి అపార్ట్‌మెంట్లో మీ మంచం కింద ఉంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఫోటో తీయడానికి ఫోను, పెన్ను, తెల్ల కాగితాలు, మీ ఆధార్ కాపీ, తుపాకీ ఎవరి పేరున ఉండేదో వారి పాత లైసెన్సు పుస్తకం. వారు చనిపోయి ఉంటే మరణ ధృవీకరణ పత్రం. లైసెన్సు పుస్తకం దొరక్కపోతే కంగారు పడొద్దు, దాని కోసం పని ఆపకండి. శ్రావణం, స్క్రూడ్రైవర్, ఇసుక కాగితం, కిరోసిన్, నూనె మాత్రం ఆ చుట్టుపక్కల కూడా ఉండకూడదు.

1. ఉన్నచోటే ఉంచండి

తూటా కనిపించగానే అందరూ చేసే మొదటి పని దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూడటం. రెండోది ఊపి చూడటం. ఈ రెండూ చేయకండి. పెట్టె మూత అలాగే తెరిచి ఉంచి గదిలోంచి పిల్లల్ని, పనిమనిషిని బయటికి పంపండి. గదిలో అగరుబత్తి, దీపం వెలుగుతుంటే ఆర్పండి. సిగరెట్ వద్దని వేరే చెప్పక్కర్లేదు.

దీన్ని చదివి బెంబేలెత్తిపోకండి. చల్లగా, పొడిగా ఉన్నచోట కదలకుండా పడి ఉన్న తూటా మామూలుగా దానంతట అది పేలదు. దశాబ్దాలు అలాగే ఉంటుంది. ప్రమాదం మన చేతి నుంచి మొదలవుతుంది.

2. అదేమిటో కంటితో పోల్చుకోండి

పోలీసులకి ఫోన్‌లో చెప్పాలంటే దొరికిందేమిటో సుమారుగానైనా తెలియాలి. మన ఇళ్లల్లో దొరికేవి ఎక్కువగా ఇవే.

12 బోర్ (బోర్ అంటే తుపాకీ గొట్టం లోపలి కొలత) తూటా: బొటనవేలంత లావు, అడుగున ఇత్తడి టోపీ, పైన ప్లాస్టిక్ లేదా మందపాటి కాగితం గొట్టం. లోపల సీసపు గుళ్లు ఉంటాయి. పైభాగం మడతలు పెట్టి మూసి ఉన్నా, గుండ్రటి అట్టబిళ్ల కనిపిస్తున్నా అది పేలనిది, అంటే ప్రాణం ఉన్నది. పైభాగం విచ్చుకుని లోపల ఖాళీగా కనిపిస్తే పేల్చేసినది.

రైఫిల్, రివాల్వర్ తూటాలు: పొడవాటి ఇత్తడి గొట్టం, మూతిలో రాగి రంగు లేదా సీసం గుండు. మన దగ్గర లైసెన్సు మీద ఎక్కువగా కనిపించేవి .315 రైఫిల్, .32 రివాల్వర్ తూటాలు. అడుగున .303 అని గానీ, 9 ఎం.ఎం. అని గానీ ముద్ర ఉంటే అవి మామూలు పౌరుడికి ఇవ్వని, నిషేధిత బోర్ తుపాకులకి వాడేవి. అటువంటివి కనిపిస్తే పోలీసులకి చెప్పడంలో ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి.

ఇప్పుడు, ముట్టుకోకుండానే తూటా అడుగు భాగం కనిపిస్తుంటే, దాని మధ్యలో చూడండి. గుండ్రటి చిన్న బిళ్ల ఉంటుంది. అదే ప్రైమర్. తుపాకీ సూది కొట్టేది దానినే. ఆ బిళ్ల మీద సన్నటి గుంట పడి ఉండి, పైన గుండు లేదా మూత మాత్రం చెక్కుచెదరకుండా ఉంటే, ఎప్పుడో ఎవరో పేల్చబోతే పేలకుండా మిగిలినది. చాలామంది దీన్ని చూసి "ఇది చచ్చిపోయిన తూటా, పిల్లలకి చూపించొచ్చు" అనుకుంటారు. అన్నింటికంటే దీన్నే ఎక్కువ అనుమానించాలి. ఒకసారి దెబ్బ తిన్న ప్రైమర్ రెండోసారి ఎలా ప్రవర్తిస్తుందో ఎవరూ చెప్పలేరు.

మూడో రకం, విడి మందు. నాటు తుపాకీలకి గొట్టం మూతి నుంచి నింపే నల్ల తుపాకీ మందు డబ్బాలో, కొమ్ములో, పాత బోర్న్‌విటా టిన్నులో ఉంటుంది. ఆ మూత తిప్పకండి. మర చుట్ల మధ్య ఇరుక్కున్న మందు రాపిడికే అంటుకోవచ్చు.

నాలుగోది పొలం గదుల్లో, హోసూరు, కుప్పం వైపు ఫామ్‌హౌసుల్లో కనిపించేది: దారంతోనో నారతోనో గట్టిగా చుట్టిన ఉండ. అడవిపందుల కోసం పెట్టే నాటు బాంబు అయి ఉండొచ్చు. అది నలిపితేనే పేలేలా చేసినది. దానికి ఫోటో కూడా దగ్గరికెళ్లి తీయకండి. బయటికి వచ్చేసి 112కి ఫోన్ చేయండి.

3. అసలు కదపకూడని లక్షణాలు

కింది వాటిలో ఒక్కటి కనిపించినా తూటాల్ని మీరు మోసుకెళ్లకూడదు, పోలీసులే రావాలి.

ఇత్తడి మీద పచ్చటి చిలుము దళసరిగా పట్టి, గోడ పగిలినట్టు గీతలు ఉండటం. కాగితం గొట్టం ఉబ్బి, గుళ్లు రాలుతుండటం. పెట్టె తెరవగానే ముక్కు మండించే ఆమ్లం వాసన రావడం. తూటా చుట్టూ లేదా మందు డబ్బా మూత చుట్టూ ఎర్రటి గోధుమరంగు పొడి లేదా పొగ. ఈ చివరి రెండింటికీ కారణం ఒకటే. పొగ రాని మందు అనే ఆధునిక గన్‌పౌడర్ నైట్రోసెల్యులోజ్‌తో చేస్తారు. అది కాలం గడిచేకొద్దీ మెల్లగా విరిగిపోతూ నత్రజని ఆక్సైడ్లు వదులుతుంది. ఆ ఆమ్లమే మిగిలిన మందుని ఇంకా తొందరగా విరగ్గొడుతుంది. దీన్ని ఆపడానికి ఫ్యాక్టరీలో స్థిరీకరించే రసాయనం కలుపుతారు, అది అయిపోతే ఆపేది ఉండదు. మే నెలలో రేకుల పైకప్పు కింద అటక ఎంత వేడెక్కుతుందో చెన్నైవాళ్లకి చెప్పాలా? ఆ వేడికి ఈ పని ఎన్నో రెట్లు వేగంగా సాగుతుంది.

గోడకి వేలాడే నాటు తుపాకీ దొరికితే ఇంకో హెచ్చరిక. మూతి నుంచి నింపే తుపాకీని ఒకసారి నింపితే, పేల్చడం తప్ప ఖాళీ చేయడం కష్టం. అందుకని నింపి అలాగే వదిలేసినవి ఉంటాయి. నల్ల తుపాకీ మందు తడవకుండా ఉంటే తరాలు దాటినా పనిచేస్తుంది. గొట్టంలో ఊచ పెట్టి చూడటం, మూతిలోకి తొంగి చూడటం, ట్రిగ్గర్ లాగి "ఖాళీయేలే" అనిపించుకోవడం వద్దు. నిండి ఉందనే అనుకుని, మూతి ఎవరివైపూ లేకుండా ఉన్నచోటే వదిలేయండి.

4. ఫోటోలు, లెక్క

రెండడుగుల దూరం నుంచి మూడు నాలుగు ఫోటోలు చాలు: పెట్టె మొత్తం, తూటాలు కనిపించేలా ఒకటి, అట్టపెట్టె మీద అక్షరాలుంటే అవి. ఖడ్కీ ఫ్యాక్టరీ శక్తిమాన్ 12 బోర్ అట్టపెట్టె అయితే పేరు స్పష్టంగానే ఉంటుంది. ముట్టుకోకుండా కనిపించినన్ని లెక్కపెట్టి, తేదీ, టైము, ఎక్కడ, ఎవరి సమక్షంలో అన్నది కాగితం మీద రాసుకోండి.

ఆ ఫోటోలు కుటుంబం గ్రూపులో పెట్టకండి. ఒకరు సరదాగా స్టేటస్ పెడతారు, ఇంకొకరు ఫార్వర్డ్ చేస్తారు. మీరు స్టేషన్‌కి వెళ్లేలోపే స్టేషన్ మీ ఇంటికి వస్తుంది. అప్పుడు "నేనే చెప్దామనుకున్నా సార్" అన్న మాటకి విలువ తగ్గుతుంది.

5. చట్టం ఎక్కడ నిలబెడుతుందో తెలుసుకోండి

ఒక్క నిమిషం మాత్రమే. 1959 ఆయుధాల చట్టం మూడో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటా కూడా ఉంచుకోకూడదు. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష రెండు నుంచి ఐదేళ్ల జైలు, పైన జరిమానా. తాతగారి లైసెన్సు ఆయనతోనే పోయింది, అది మీది కాదు. మీకు సొంతంగా 12 బోర్ లైసెన్సు ఉన్నా సరే, ఆయన తూటాలు మీ ఖాతాలో కలవవు. మీ లైసెన్సులో డీలర్ నమోదు చేసిన తూటాలే మీవి.

అదే చట్టం 21వ సెక్షన్ దారి కూడా చూపిస్తుంది: ఏ కారణం చేతనైనా ఉంచుకునే హక్కు పోయిన ఆయుధాన్ని, తూటాల్ని అనవసరమైన ఆలస్యం లేకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ అప్పగించాలి. "అనవసరమైన ఆలస్యం లేకుండా" అన్న ఆ మాటే మీకు రక్ష. దొరికిన రోజునే లేదా మర్నాడే చెప్పినవాడికీ, ఆరు నెలలు బీరువాలో దాచి దొరికిపోయినవాడికీ తేడా అక్కడే. ఇంట్లో ఉన్న సంగతి నిజంగా తెలియనివాడి విషయంలో, తెలిసి ఉంచుకున్నాడా లేదా అన్నది కోర్టులు చూస్తాయి. కానీ తెలిశాక తెలియదనడం కుదరదు.

6. ఫోన్ చేయండి, మోసుకెళ్లకండి

తూటాలు జేబులో వేసుకుని స్టేషన్‌కి బయల్దేరడం మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు. ఇందిరానగర్ మెట్రో గేటు దగ్గర స్కానర్లో బ్యాగ్ ఆగితే మీరు అప్పగించడానికి వెళ్తున్నారని ఎవరు నమ్ముతారు? ముందు మీ ఏరియా స్టేషన్‌కి ఫోన్ చేయండి, లేదా కాగితాలు, ఫోటోలు మాత్రం తీసుకుని వెళ్లి ఇన్‌స్పెక్టర్‌ని కలవండి. మూడో అంచెలో చెప్పిన లక్షణాలు ఉంటే 112కి చేసి, "పాతబడిన మందుగుండు, వాసన వస్తోంది" అని ఆ మాటే చెప్పండి. బెంగళూరు, చెన్నై రెండు నగరాల్లోనూ పోలీసులకి బాంబు నిర్వీర్య దళం ఉంది. ఎవరిని పంపాలో వాళ్లే చూసుకుంటారు.

తూటాలు బాగానే ఉన్నాయి, మీరే తెచ్చేయండి అని స్టేషన్లో అంటే? తెమ్మన్న అధికారి పేరు, హోదా రాసుకుని, ఆయనకి మెసేజ్ పెట్టి బయల్దేరండి. ఒక్కో తూటాని విడిగా నూలు గుడ్డలో చుట్టి, ఒకదానికొకటి తగలకుండా అట్టపెట్టెలో పెట్టండి. స్టీలు డబ్బాలో వేయకండి, తాళాలు, నాణేలతో కలపకండి. సొంత కారు డిక్కీలో, నేరుగా. దారిలో టిఫిన్‌కి ఆగి కారు ఎండలో పెట్టడం వద్దు. బస్సు, ఆటో, మెట్రో, బైకు డిక్కీ ఏవీ వద్దు.

ఊళ్లో దొరికితే ఊళ్లోనే అప్పగించండి. చిత్తూరు జిల్లాలో దొరికిన తూటాని "బెంగళూరులో తెలిసినవాళ్లున్నారు" అని రాష్ట్రం దాటించడం అంటే గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమే.

7. అర్జీ ఇలా రాయండి

ఇంగ్లిష్‌లో రాసినా తీసుకుంటారు. కన్నడం, తమిళం రాయగలిగితే ఇంకా మంచిది. నాలుగు విషయాలు ఉంటే చాలు:

"నా తాతగారు ఫలానా, ఫలానా జిల్లా అధికారి ఇచ్చిన లైసెన్సు నంబరు ఇది, ఫలానా తేదీన మరణించారు. ఫలానా తేదీ ఉదయం ఆయన పెట్టె సర్దుతుండగా 12 బోర్ తూటాలు ఇన్ని కనిపించాయి. అవి ఉన్నట్టు ఇంతకుముందు మాకు తెలియదు. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ కింద వీటిని అప్పగిస్తున్నాను, రసీదు ఇప్పించగలరు."

కథ అల్లకండి. తాతగారి వేట ముచ్చట్లు ఇక్కడ అసలు వద్దు. వన్యప్రాణి చట్టం 1972 నుంచి ఉంది, ఏ సంవత్సరంలో ఏ జంతువు అని వాళ్లు అడగడం మొదలుపెడితే కథ వేరే దారి పడుతుంది.

8. రసీదు లేకుండా వెనక్కి రాకండి

పని అయిందని తెలిసేది రసీదుతోనే. చెన్నైలో స్టేషన్లో సి.ఎస్.ఆర్. (కమ్యూనిటీ సర్వీస్ రిజిస్టర్) రసీదు ఇస్తారు. బెంగళూరులో అర్జీ మీద రాసిచ్చే ఎండార్స్‌మెంట్ అడగండి, కన్నడంలో హింబరహ అంటారు. అందులో తూటాల రకం, సంఖ్య, తేదీ, స్టేషన్ ముద్ర ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చదవండి. "కొన్ని తూటాలు" అని రాసి ఉంటే సంఖ్య వేయించండి. తర్వాత ఎవరూ లెక్క తేడా అనకుండా ఉండాలంటే ఇదే దారి.

తుపాకీ కూడా ఉండి, దాన్ని వారసులుగా ఉంచుకోవాలనుకుంటే అప్పగించాకే లైసెన్సుకి దరఖాస్తు పెట్టాలి. బెంగళూరులో ఇన్‌ఫాంట్రీ రోడ్డులోని పోలీస్ కమిషనర్ కార్యాలయం, చెన్నైలో వేప్పేరిలోని కమిషనర్ కార్యాలయం. జిల్లాల్లో అయితే కలెక్టర్. లైసెన్సు ఉన్న ఇంకొకరికి అమ్మే అవకాశం కూడా ఉంది. ఏదీ చేయకుండా గడువు దాటిస్తే అది ప్రభుత్వపరం అవుతుంది. తూటాల మీద మాత్రం ఆశ వదులుకోండి. పాత తూటాలు తిరిగి తెచ్చుకుని ఏం చేస్తారు?

మా ఆఫీసులో కొడగు స్నేహితుడికి లైసెన్సే అక్కర్లేదట కదా, అని కొందరు అడుగుతారు. నిజమే, కొడగుకి చెందిన కొడవ జాతివాళ్లకి, అక్కడ జమ్మా అనే వంశపారంపర్య హక్కు భూమి ఉన్నవాళ్లకి కేంద్రం మినహాయింపు ఇచ్చింది, 2029 అక్టోబర్ దాకా పొడిగించింది. అది వాళ్లది. మనకి వర్తించదు.

ఇక రీలోడింగ్ సంగతి

పేల్చేసిన తూటా గొట్టంలో కొత్త ప్రైమర్ బిగించి, మందు పోసి, గుండు కూర్చి మళ్లీ వాడటాన్ని రీలోడింగ్ అంటారు. అమెరికాలో అది మామూలు హాబీ. అక్కడ ప్రైమర్లు, మందు దుకాణంలో దొరుకుతాయి, ప్రతి మందుకీ కంపెనీ ప్రయోగశాలలో కొలిచి ముద్రించిన పట్టికలు ఉంటాయి. ఇక్కడ ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం తూటాల తయారీకి వేరే లైసెన్సు కావాలి. తుపాకీ లైసెన్సు దానికి చెల్లదు. తయారీకి శిక్ష 2019 తర్వాత ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: చట్టంలో తూటా అన్నదాని నిర్వచనంలోకి దాని భాగాలు, తయారుచేసే యంత్రాలు కూడా వస్తాయి. ఆన్‌లైన్లో విదేశం నుంచి రీలోడింగ్ ప్రెస్ (తూటాలు నింపే యంత్రం) తెప్పించుకుందాం, నింపేది తర్వాత చూద్దాం అనుకునేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.

చట్టం సరే, ప్రమాదం ఎక్కడుంది?

మొదటిది కొలత. చిన్న పిస్టల్ తూటాలో పట్టే మందు గ్రాములో మూడో వంతు ఉంటుందేమో. తూటా గొట్టంలో సగం కూడా నిండదు. అంటే పొరపాటున రెండుసార్లు పోసినా బయటికి తెలియకుండా పట్టేస్తుంది. మందు రెట్టింపైతే ఒత్తిడి రెట్టింపు కాదు, అంతకంటే చాలా ఎక్కువ పెరుగుతుంది. ఫ్యాక్టరీ 12 బోర్ తూటాలోనే ఒత్తిడి పరిమితి చదరపు అంగుళానికి సుమారు 11,500 పౌండ్లు. మీ కారు టైరులో ఉండేది ముప్పై చిల్లర. రైఫిల్ తూటాల్లో యాభై, అరవై వేలు దాటుతుంది. ఆ లెక్క తప్పితే పగిలేది తుపాకీ గొట్టం వెనుక భాగం, అంటే సరిగ్గా మీ చెంప ఆనించే చోటు.

రెండోది తక్కువ మందు. తక్కువ పోస్తే ప్రమాదం లేదనుకుంటారు. మందు చాలకపోతే గుండు తుపాకీ గొట్టంలో సగం దూరం వెళ్లి ఇరుక్కుంటుంది. "టప్" అని చిన్న చప్పుడు వస్తుంది, తుపాకీ వెనక్కి తన్నదు. పేలలేదేమో అనుకుని ఇంకోటి వేసి కాలిస్తే రెండో గుండు మొదటిదాన్ని గుద్దుతుంది, గొట్టం చీలుతుంది. నీళ్లలో నానిన తూటాలతోనూ జరిగేది ఇదే. 2015 డిసెంబర్ వరదల్లో, 2023 డిసెంబర్ మిచాంగ్ తుఫానులో నీళ్లు చేరిన చెన్నై ఇళ్లలో ఒకవేళ తూటాలు మునిగి ఉంటే, ఒడియాలతో పాటు మేడ మీద ఎండబెట్టి దాచుకోవడం కాదు చేయాల్సింది. పైన ఆరిపోయినట్టే ఉంటుంది, లోపల మందు ఒకదాంట్లో పొడిగా, ఇంకోదాంట్లో తడిగా ఉంటుంది. ఏది ఏదో బయటి నుంచి చెప్పే పరీక్ష ఇంట్లో లేదు. లైసెన్సు ఉన్నవాళ్లయినా అవి అప్పగించి కొత్తవి కొనుక్కోవాలి.

మూడోది మందు రకం. నల్లటి పొడి అంతా ఒకటే కాదు. పిస్టల్ మందు వేగంగా కాలుతుంది, రైఫిల్ మందు నిదానంగా. చూపులకి రెండూ ఒకేలా ఉండొచ్చు. పాత తూటా విప్పి తీసిన మందు ఏ రకమో కనిపెట్టే మార్గం మీకు లేదు. ఇక టపాసుల మందు, అగ్గిపుల్లల తలలు వాడొచ్చా అని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. శివకాశి దగ్గరే కదా అని చనువు కాబోలు. అల్యూమినియం పొడి కలిసిన టపాసు మందు తుపాకీ మందులా కాలదు, తుపాకీ గొట్టాన్ని ముక్కలు చేస్తుంది.

నాలుగోది ప్రైమర్. దానిలో మందు చిటికెడు కూడా ఉండదు, కానీ దెబ్బకి, రాపిడికి, ఒంట్లోని స్థిర విద్యుత్తుకి కూడా పేలడానికే చేసినది. ప్రైమర్లు గాజు సీసాలో పోసి పెడితే, ఒకటి పేలితే మిగతావన్నీ దానితో పాటే. గాజు పెంకులు అదనం. పాత తూటాలోంచి ప్రైమర్‌ని మేకుతో కొట్టి తీసే వీడియోలు కనిపిస్తాయి. ఆ వీడియో తీసినవాడి ముఖం ఎప్పుడూ ఎందుకు కనిపించదో ఆలోచించండి.

పొగ రాని మందు గురించి ఒక తికమక ఉంది. బయట కాస్త పోసి వెలిగిస్తే అది భగ్గుమని మండుతుందే గానీ పేలదు, అని చెప్తారు. నిజమే. కానీ గట్టి మూత బిగించిన ఇనప డబ్బాలో మంట తగిలితే వాయువుకి దారి ఉండదు, డబ్బాయే బాంబవుతుంది. "భద్రంగా ఉంటుందని స్టీలు డబ్బాలో సీల్ చేశాం" అనేవాళ్లు తెలియకుండా చేస్తున్నది అదే. ఇల్లు అంటుకుంటే కూడా, విడిగా ఉన్న తూటా సినిమాలోలా గుండుని దూసుకెళ్లనీయదు. గుండు బరువుగా ఉంటుంది కాబట్టి పెద్దగా కదలదు, పగిలిన ఇత్తడి ముక్కలే చెదురుతాయి. అవి కంటికి ప్రమాదం. తుపాకీలో నింపి ఉన్న తూటా మాత్రం మంటల్లో మామూలుగానే పేలుతుంది. ఫైర్ ఇంజన్ వాళ్లు రాగానే ఇంట్లో తూటాలున్న సంగతి మొదటి మాటగా చెప్పాలి.

లైసెన్సు ఉన్నవాళ్లు చేసే తప్పులు

తూటాలు డబ్బాలోంచి తీసి విడిగా పోసి పెట్టకండి. కంపెనీ అట్టపెట్టె, తుపాకీకి వేరే తాళం, తూటాలకి వేరే తాళం. వంటింటి గోడ ఆనుకున్న బీరువా వద్దు, అటక వద్దు. చెన్నైలో సముద్రం గాలికి ఇత్తడి తొందరగా చిలుము పడుతుంది, పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేసి నెలకోసారి చూడండి. తూటాలకి నూనె రాయకండి, ప్రైమర్ సందులోంచి దిగితే తూటా నమ్మకం పోతుంది. చిలుము పట్టినదాన్ని ఇసుక కాగితంతో రుద్ది వాడకండి.

12 బోర్, 20 బోర్ రెండూ ఉన్న ఇల్లయితే అవి ఒకే అరలో ఉండకూడదు. 20 బోర్ తూటా 12 బోర్ తుపాకీలో వేస్తే జారి ముందుకెళ్లి గొట్టంలో కూర్చుంటుంది. ఖాళీగానే ఉందనుకుని దాని వెనక 12 బోర్ వేసి కాలిస్తే గొట్టం పేలుతుంది. 20 బోర్ తూటాలకి పసుపు రంగు వేయడం ఇందుకే. పాతవాటికి ఆ రంగు ఉండకపోవచ్చు, అడుగున ముద్ర చదవండి.

రేంజ్‌లో ట్రిగ్గర్ లాగాక పేలకపోతే తుపాకీ దించకండి, తెరవకండి. మూతి లక్ష్యం వైపే ఉంచి కనీసం ముప్పై సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. తర్వాత రేంజ్ అధికారిని పిలవండి. చప్పుడు తేడాగా వచ్చినా, వెనక్కి తన్నకపోయినా అక్కడితో ఆపి, తుపాకీ ఖాళీ చేయించి, గొట్టంలో వెలుతురు ఆ చివర కనిపిస్తుందో లేదో చూపించుకున్నాకే ఇంకోటి.

రేంజ్ నుంచి ఇంటికి రాగానే బ్యాగ్ జేబులన్నీ తిరగేసి దులపండి. ఆ బ్యాగ్ ఎప్పటికీ ప్రయాణాలకి వాడకండి. కెంపెగౌడ విమానాశ్రయంలో ఎక్స్‌రే కింద ఒక్క తూటా కనిపించినా అక్కడ భద్రత చూసే సి.ఐ.ఎస్.ఎఫ్. వాళ్లు పోలీసులకి అప్పగిస్తారు, కేసు నమోదు అవుతుంది. ఖాళీ గొట్టం కీచైన్‌కి కూడా విమానం ఆగదు, మీరు ఆగుతారు. పేల్చేసిన 12 బోర్ గొట్టాలు రేంజ్‌లోనే ఇచ్చేయండి. ఇంటి చెత్తబండిలో వేయకండి, ఏరేవాళ్లు చేతులతో ఏరతారు. పేలనివి చెత్తలో, అడయారు నదిలో, చెరువులో, బావిలో, భూమిలో ఎక్కడా పారేయకూడదు. నీళ్లలో వేస్తే చచ్చిపోతాయన్నది అబద్ధం, చాలా ఫ్యాక్టరీ తూటాల్లోకి నీరు అంత తేలిగ్గా చొరదు.

తూటాలు, గొట్టాలు ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కుని గానీ పిల్లల్ని ఎత్తుకోకండి. సీసం కంటికి కనిపించదు. అప్పగించిన రసీదుని జిరాక్స్ తీసి, ఒకటి తాతగారి మరణ పత్రంతో, ఇంకొకటి ఇల్లు అమ్మిన కాగితాలతో పెట్టండి. ఊళ్లో ఆ ఇల్లు కొన్నవాళ్లకి కూడా ఒక మాట చెప్పండి. వాళ్ల అటక మీద ఇంకేమైనా మిగిలి ఉండొచ్చు.